జేసీబీ వచ్చేదాకా

మా ఇల్లు కూలగొట్టడానికి రోజు చూసింది మా ఆయనే. మంగళవారం పని మొదలుపెట్టనని ఉప్పలయ్య మేస్త్రి మొండికేస్తే, సరే సోమవారమే గడ్డపార తాకించు అన్నాడు. మర్నాటి నుంచి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె అని పేపర్లన్నీ రాస్తూనే ఉన్నాయి. సమ్మెకూ మా ఇంటికీ ఏం సంబంధం అనుకున్నాం. మహబూబాబాద్‌లో కాపురం ఉంటూ అలా అనుకున్న వాళ్లం బహుశా మేమొక్కళ్లమే.

ఊళ్లో మా ఇంటిని రేడియో మేడ అంటారు. స్టేషన్ నుంచి మార్కెట్‌కు పోయే వీధిలో, రెండు ఇళ్ల నడుమ భుజాలు ముడుచుకుని నిలబడ్డ సన్నటి రెండంతస్తుల మేడ. మా మామగారు అబ్దుల్ బారీ సర్కారు కట్టడాల ఓవర్సీరు. హైదరాబాదులో కొత్తగా లేస్తున్న కాంక్రీటు ఇళ్లు చూసి మోజుపడి, ఊరంతా పెంకుటిళ్లు ఉన్న రోజుల్లో, అరవై ఒకటిలో దీన్ని కట్టించారు. అయితే నేను కోడలిగా వచ్చేనాటికి అందులో రేడియోలాంటిదేదీ నాకు కనపడలేదు. వీధివైపు సిమెంటు పూసిన మొద్దు గోడ, దానికి అందనంత ఎత్తున రెండు చిన్న కిటికీలు. లోపల మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. బియ్యం ఏరాలంటే పళ్లెం పట్టుకుని వాకిట్లోకి రావాలి. వానాకాలం వచ్చిందంటే హాల్లో గిన్నెలు పరచాలి. కాబట్టి కూలగొడదామంటే నాకేమీ బాధ కలగలేదు.

మా ఆయన ఆరిఫ్ ఆర్టీసీ కండక్టరు. కింద రెండు షట్టర్లు, పైన గ్రానైటు పరిచిన ఇల్లు, ముందు అద్దాల బాల్కనీ ఉన్న ఒక బొమ్మను సెల్‌ఫోన్లో పెట్టుకుని, టికెట్లు కొట్టడం అయిపోయాక ప్రయాణికులకు కూడా చూపించేవాడు. మా అమ్మాయి ఇరం హనుమకొండలో డిగ్రీ చదువుతోంది. కొత్తింట్లో తనకు విడిగా గది కావాలని ముందే రాయించుకుంది. అందరికన్నా తొందర మా అత్తగారు జహీరా బేగంకు.

"ఇంకెన్నొద్దులు చూస్తరు? కూలగొట్టుండ్రి, జల్ది కూలగొట్టుండ్రి" అనేది రోజూ.

మేం ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. నేను బళ్లో తెలుగు చెప్పేదాన్ని కాబట్టి, మా మాటలన్నీ మానుకోట, అంటే మా మహబూబాబాద్, తెలుగులోకి దించుకుని రాస్తున్నాను. పెద్దగా తేడా ఏమీ ఉండదు.

ఆ సోమవారం ఉప్పలయ్య ఇద్దరు మనుషులతో వచ్చాడు. పెద్ద పని బుధవారం జేసీబీతో. ఈలోపు పైఅంతస్తు ముందు గోడను చేత్తో విప్పుకోవాలి, లేకపోతే పెళ్లలు ఊడి వీధిలో పడతాయి. సామాను మూటలు కట్టేసి నేను కింద పాత్రలు సర్దుతున్నాను. దబ్‌దబ్‌మని దెబ్బలు వినపడుతున్నవల్లా ఒక్కసారి ఆగిపోయాయి.

"టీచరమ్మా, జర పైకి రా" అని ఉప్పలయ్య కేకేశాడు. "గోడెనుక ఇంకో గోడున్నది."

పైకి పోయి చూశాను. ముందూ వెనకా పేర్చిన ఇటుకలు ఊడిన చోట, దుమ్ములోంచి సిమెంటు జాలీ ఒకటి తొంగిచూస్తోంది. అరచేయంత గుండ్రటి కంతలు, ఒక్కో కంతలో నాలుగు రేకుల పువ్వు. ఉప్పలయ్య మొదటి దెబ్బకు ఒక పువ్వు రెండు రేకులు విరిగాయి గానీ మిగతాదంతా నిన్న పోతపోసినట్టుంది. ఆ కంతల్లోంచి ఎదురింటి భద్రమ్మ వాకిలి, స్టేషన్ రోడ్డు మలుపు, మార్కెట్‌కు పోయే ట్రాక్టరు, అన్నీ ముక్కలు ముక్కలుగా కనపడ్డాయి. ఇరవై రెండేళ్ల కాపురంలో మా హాల్లో నిలబడి నేను వీధిని చూడడం అదే మొదటిసారి.

"కొట్టాల్నా, ఆపాల్నా?" అన్నాడు ఉప్పలయ్య.

మా అత్తగారు మెట్లెక్కి వచ్చింది. జాలీ వైపు చూసింది. చెయ్యి చాపబోయి చీర కొంగుతో మొహం మీది దుమ్ము తుడుచుకుంది.

"మిషిన్ వస్తే అదిగూడ పోయేదే గదా. కొట్టు" అని దిగిపోయింది.

కానీ అప్పటికే పొద్దుగుంకింది. మిగిలింది రేపు చూద్దామని ఉప్పలయ్య పారలు మూలకు పెట్టాడు.

రేపు అనేది రాలేదు. మంగళవారం పొద్దున అతను పైకెక్కి గడ్డపార ఎత్తాడో లేదో, వీధి మొదట్లో డప్పులు మోగాయి. ఊరేగింపు మా ఇంటి ముందుకు వచ్చి ఆగింది. ముందున్న ఒకాయన తల పైకెత్తి అరిచాడు.

"ఏం మేస్త్రీ! సకల జనులు సమ్మె చేస్తుంటే నువ్వు గడ్డపార పట్టుకున్నవేంది?"

"నేను కడ్తలేనన్నా, కూలగొడ్తున్న!" అన్నాడు ఉప్పలయ్య పైనుంచి.

"కూలగొట్టుడు గూడ పనే! దిగు కిందికి!"

వీధంతా నవ్వింది. ఉప్పలయ్య కూడా నవ్వుకుంటూ దిగి, గడ్డపార భుజాన వేసుకునే ఊరేగింపులో కలిసిపోయాడు. జై తెలంగాణ అని అతను పెట్టిన కేక స్టేషన్ దాకా వినపడింది.

బుధవారం జేసీబీ రాలేదు. ఆరిఫ్ ఫోను చేస్తే డ్రైవర్ దేవ్యా వరంగల్ రోడ్డు మీది నుంచి మాట్లాడాడు.

"రోడ్డు నడుమ సమ్మెలోల్ల వంటావార్పు అయితున్నదన్నా. ఇంతింత లావు కాగులు పెట్టిండ్రు. పొయ్యిల మీదికెంచి మిషిన్ ఎట్ల తేవాలె? నాకు గూడ ఇస్తరాకు ఏసిండ్రు, తిని ఎనకకు పోతున్న."

మొదట సింగరేణి బొగ్గు ఆగింది, తర్వాత మా బడులు ఆగాయి, ఆపైన బస్సులు. ఆరిఫ్ ఖాకీ చొక్కా కొయ్యకు తగిలించాడు. ఇరం కాలేజీ మూసేస్తే రైళ్లు ఆగకముందే ఇల్లు చేరింది. అద్దెకు మాట్లాడుకున్న ఇంటికి సామాను చేర్చే బండి లేదు. బొగ్గు లేక కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ముందు గోడ సగం ఊడిన ఇంట్లో, కట్టిన మూటల మధ్య, నలుగురం కూర్చున్నాం.

మొదటి పెద్ద కోత నాటి మధ్యాహ్నం సెప్టెంబరు ఉక్క దంచేస్తోంది. మా అత్తగారు పైన హాల్లో దివాన్ మీద నడుం వాల్చి కునుకు తీసింది. కాసేపటికి కళ్లు తెరవకుండానే అడిగింది.

"కరెంటొచ్చిందా? ఫ్యానెవరేసిండ్రు?"

"రాలేదు దాదీ" అంది ఇరం.

"మరి గీ గాలేంది?"

ఇరం నావైపు చూసింది. నేను జాలీ వైపు చూశాను. గోడ ఊడిన మేరలోంచే వీధి గాలి లోపలికి వచ్చి, మూటల మీది దుప్పటి అంచును ఎగరేస్తోంది. అత్తగారు లేచి కూర్చుంది. ఆ రోజు నుంచి దివాన్‌ను జాలీ దగ్గరికి జరిపించుకుంది.

తర్వాత రెండు మూడు రోజులకు మా తమ్ముడు ఫకీర్ అహ్మద్ భూపాలపల్లి నుంచి మోటారు సైకిలు మీద దిగాడు. అక్కడ బొగ్గు బావిలో పని. బావి బందు కావడంతో చేతులు ఖాళీ. వాడి చేతులు ఖాళీగా ఉంటే ఇంట్లో వస్తువులకు ప్రమాదమని మా అమ్మ అనేది. మా ఆయనను వాడు ఇప్పటికీ దుల్హేభాయ్ అనే పిలుస్తాడు, అంటే పెళ్లికొడుకన్నా అని. పెళ్లికొడుకుకు అప్పటికి బట్టతల వచ్చింది.

వచ్చీరాగానే పైకి పోయి చూసి, "దుల్హేభాయ్, గీ సగం గోడ వీధిల పిల్లల మీద పడ్తది. మిగిలింది తీసేస్త" అన్నాడు.

"ఎట్లయితే గట్ల తియ్" అన్నాడు ఆరిఫ్.

కానీ వాడు ఎట్లయితే అట్ల తియ్యలేదు. చిన్న సుత్తీ ఉలీ పట్టుకుని, ఒక్కో ఇటుకనూ పన్ను పీకినట్టు పీకాడు. నాలుగు రోజుల్లో ముందు గోడంతా పోయి, లోపలున్నది బయటపడింది. గుండ్రంగా తిరిగిన బాల్కనీ, దానికి ఇనుప పైపుల కడ్డీలు, పైన సన్నటి సిమెంటు చూరు అడ్డంగా ఒక గీతలాగా ఈ కొస నుంచి ఆ కొస దాకా. మెట్ల దగ్గర గోడలో పళ్లెమంత గుండ్రటి కిటికీ. దాని చెక్క ఎప్పుడో చెదలు తినేసింది.

ఆరిఫ్‌కు కోపం వచ్చింది. "కూలగొట్టే ఇంటికి గీ సింగారమేంది?"

జవాబు మా అత్తగారు చెప్పింది. "జేసీబీ వచ్చేదాకానన్న గాలి రానియ్ రా."

ఆ మాట మా ఇంట్లో పాస్‌పోర్టు అయిపోయింది. ఇరం హాల్లో పరిచిన చిరుగుల ప్లాస్టిక్ చాప పీకి అవతల పారేసి, కింద నల్లచుక్కల పసుప్పచ్చ మొజాయిక్ గచ్చును నిమ్మచెక్కతో తోమితే, జేసీబీ వచ్చేదాకానే. చెదలు పట్టిన ప్లైవుడ్ అడ్డు పీకేస్తే, జేసీబీ వచ్చేదాకానే. నేను కూడా ఊరుకోలేదు. మా వంటింటి పక్కన ఇంటి నడిమధ్య చదరంగా కొంత ఖాళీ ఉంది. కోతుల బాధకు ఎప్పుడో దాని నెత్తిన రేకు కప్పించారు. ఆ తుప్పు రేకు తీయమని తమ్ముడిని అడిగాను. వాడు కప్పు మీదికెక్కి నాలుగు బోల్టులు విప్పి రేకు పక్కకు లాగాడు.

వెలుగు నిలువునా దిగింది. పొయ్యి మీద, అల్మరాల మీద, నా చేతిలోని బియ్యం పళ్లెం మీద. ఒక్కో గింజ విడివిడిగా కనపడింది. ఇన్నేళ్లూ ఈ వంటింట్లో నేను తడుముకుంటూ వండానన్న సంగతి అప్పుడే తెలిసింది. "అక్కా, ఏమైంది, కండ్లల్ల దుమ్ము పడ్డదా?" అని తమ్ముడు పైనుంచి అడిగాడు. అవునన్నాను.

మూడో వారానికి మా హాలు సమ్మె నడిపే జేఏసీ వాళ్ల టెంటుకు పోటీ అయిపోయింది. కరెంటు లేని మధ్యాహ్నాలు ఊరంతా ఉడికిపోతుంటే, మా ఇంట్లో మాత్రం గాలి వీధిలోంచి వచ్చి, నడిమి ఖాళీలోంచి పైకి పోయేది. మా బడి పంతుళ్లు, ఆరిఫ్ తోటి డ్రైవర్లు, ధర్నాలో కూర్చుని ఎండకు సొమ్మసిల్లిన వాళ్లు అందరూ వచ్చి మొజాయిక్ మీద వెల్లకిలా పడుకునేవాళ్లు. సిమెంటు లారీలు రాక పనిలేని ఉప్పలయ్య కూడా పేకాటకు వచ్చేవాడు. వచ్చి, పేకలు పంచుతూ ఇంటిని తిట్టేవాడు.

"గీ కాలపోల్లకు జాలీలేంది టీచరమ్మా? గ్రానైటు ఏస్తే మొహం కనపడ్తది."

"నీ మొహమా? నాకొద్దు" అనేది మా అత్తగారు.

అలాంటి ఒక మధ్యాహ్నం, అందరూ పోయాక, మేం నలుగురం, తమ్ముడూ కింద కూర్చుని కిచిడీ తింటున్నాం. ఇరం ఉన్నట్టుండి అడిగింది.

"దాదీ, గింత మంచి జాలీని గోడ పెట్టి మూసిందెవరు?"

"నేనే" అంది మా అత్తగారు, ఊరగాయ కోసం చెయ్యి చాపుతూ.

మేమందరం తినడం ఆపాం.

"కేసముద్రంల మా ఇంటికి ఒకటే తలుపు. పెద్ద వాకిలి, చుట్టూ గోడ. పదహారేండ్లకు గీడికొచ్చిన. చూస్తే ఇల్లంతా కంతలే. మార్కెట్‌కు పోయేటోళ్లు ఎడ్లబండ్లు ఆపుకొని చూసేది, రేడియో లెక్కున్నది, రేడియో లెక్కున్నదని. నేను దగ్గినా ఊరికి తెలుస్తదని భయమయ్యేది. ఒకనాడు కూసొని మస్తు ఏడ్సిన. నాకు గోడ కావాలె అన్న."

"దాదా కోపం చెయ్యలేదా?"

"ఒక్క మాట అనలేదు. తెల్లారి ఇటుకలు దింపిచ్చిండు." ఊరగాయ ముక్క కొరికి, నమిలి, అంది. "మెత్తటి మనిషి. నేను చిన్నదాన్ని, నాకేమెరుక? పది పన్నెండేండ్లయినంక, తీపిచ్చుదమా అని అడగాలని చానసార్లు నోటిదాకా వచ్చింది. అడగలే. గాయన పోయిండు. గందుకే ఇల్లు కూలగొడ్తమంటే పాణం తేలికైంది, రోజూ గా గోడ మొహం చూసుడు తప్పుతదని."

తర్వాత మమ్మల్ని చూసి కసిరింది. "ఏంది, తినుండ్రి. కిచిడీ చల్లారితే నెత్తిన పెట్టుకుంటరా?"

అందరం తిన్నాం. ఆరిఫ్ మాత్రం చెయ్యి కడుక్కోవడానికి లేచి, బాల్కనీలో చాలాసేపు నిలబడ్డాడు. ఆయన పుట్టేనాటికే గోడ ఉంది. తన తండ్రి కట్టిన ఇంటిని ఆయన కూడా అప్పుడే చూస్తున్నాడు.

అయినా షట్టర్ల మీద ఆశ చావలేదు. దేవ్యాకు ఫోను చేస్తూనే ఉన్నాడు. దేవ్యా ఒకసారి రైలు పట్టాల మీద కూర్చున్నానన్నాడు, ఒకసారి పాలకుర్తి దగ్గర డప్పు కొడుతున్నానన్నాడు. "మిషిన్ నడుపుడు మర్శిపోయేటట్టున్నన్నా" అన్నాడు చివరికి.

బతుకమ్మలు మొదలైన వారంలో గట్టి వాన కొట్టింది. హాల్లో మొజాయిక్ మీద గిన్నెలు పరిచాం. తోమితోమి చేతులు కాయలు కాచిన ఇరం, ఆ గచ్చు మీద బురద నీళ్లు చూసి ఏడుపు మొహం పెట్టింది. ఆరిఫ్ లేచి లుంగీ ఎగ్గట్టి మేడ మీదికి పోయాడు. వెనకే ఉప్పలయ్య. కాసేపు పైన ఇద్దరూ అరుచుకోవడం వినపడింది. వాన వెలిశాక పోయి చూస్తే, ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని పగుళ్లు గీకుతున్నారు. మర్నాడు సున్నం, ఇటుక పొడి కలిపి, బెల్లం నీళ్లు పోసి తొక్కి, పగుళ్లన్నీ కూరి, చెక్కతో కొట్టి కొట్టి మెత్తారు. సిమెంటు రాని రోజులు కాబట్టి పాత పద్ధతే గతి అని ఉప్పలయ్య మొహం చిట్లించుకున్నాడు గానీ, పని అయ్యాక దాని మీద బిందె నీళ్లు పోసి, కిందికి పరుగెత్తుకొచ్చి, చుక్క కారకపోవడం చూసి మీసం దువ్వుకున్నాడు.

"కూలగొట్టే ఇంటికి గీ సింగారమేంది?" అన్నాను ఆరిఫ్‌తో.

"జేసీబీ వచ్చేదాకా తడవకుంట ఉండాలె గదా" అన్నాడు, నా మొహం చూడకుండా.

సద్దుల బతుకమ్మ నాడు ఆ ఏడు ఎవరూ చెరువు దగ్గరికి పోయేదాకా ఆగలేదు. సమ్మె కదా, ముందు రోడ్ల మీద ఆడాలని జేఏసీ వాళ్లు చెప్పారు. పొద్దు వాలేసరికి మా వీధి వీధంతా ఆడవాళ్లతో నిండింది. తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మలు వరసగా దించారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. అయ్యో అని అందరూ అంటుంటే, ఫకీర్ టెంట్‌హౌస్ నుంచి పెట్రోమాక్స్ దీపం ఒకటి తెచ్చి, గాలి కొట్టి వెలిగించి, మా పై హాల్లో బల్ల మీద పెట్టాడు.

జాలీలోంచి వెలుగు వీధిలో పడింది. రోడ్డు మీద అడుగడుగున నాలుగు రేకుల వెలుగు పువ్వులు. చప్పట్లు చరుస్తూ తిరుగుతున్న ఆడవాళ్ల చీరల మీద, మొహాల మీద, బతుకమ్మల మీద ఆ పువ్వులు జారుతున్నాయి. పిల్లలు ఒక పువ్వులోంచి ఇంకో పువ్వులోకి గెంతడం మొదలుపెట్టారు.

నేను కింద ఆడేవాళ్లలో ఉన్నాను. పై నుంచి మా అత్తగారి మాట వినపడింది, తమ్ముడితో.

"దీపం జర ముందుకు జరుపు. జాలీ దగ్గరికి. పూలు పెద్దగైతయి."

వాడు జరిపాడు. పూలు ఎదురింటి గోడ దాకా పాకాయి.

"మీకెట్ల ఎరుక?" అన్నాడు వాడు.

"గాయన చూపిచ్చిండు. కొత్తల."

ఎదురింటి భద్రమ్మ మా అత్తగారి ఈడుది. ఇద్దరూ ఒకే ఏడు ఈ వీధికి కాపురానికి వచ్చారు. ఇన్నేళ్లూ వాకిట్లో నాలుగు మాటలే తప్ప, భద్రమ్మ మా మేడను ఎన్నడూ తలెత్తి చూసినట్టు లేదు. చూడడానికేముంది, గోడే కదా. ఆ రోజు ఆడుతున్నది ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసింది.

"ఏయ్ జహీరా! జాలీ ఎనుక దాసుకున్నవేందే? బయటికి రా!"

"నడుం నొప్పే" అన్న జవాబు సన్నగా వచ్చింది.

"నాకు లేదా నడుం? ఆడ్తలేనా? రా!"

కాసేపు ఎవరూ కనపడలేదు. తర్వాత మా అత్తగారు బాల్కనీలోకి వచ్చింది. ఇనుప పైపును రెండు చేతులా పట్టుకుంది. నెత్తి మీది కొంగు సర్దుకుంది, మళ్లీ సర్దుకుంది. కింద వీధంతా తలెత్తి చూస్తోంది.

ఆమె కిందికి వంగి, బతుకమ్మలను ఒక్కోదాన్నే చూసింది.

"భద్రా" అంది. "నీ బతుకమ్మ ఒక దిక్కు ఒరిగింది. గునుగు తక్కువ పెట్టినవ్."

వీధి గొల్లుమంది. "నువ్వు పేర్సి సూపియ్యరాదు!" అంది భద్రమ్మ. "రేపటేడు తీస్కరా, సూపిస్త!" అంది మా అత్తగారు. పాట మళ్లీ ఎత్తుకున్నారు. ఆమె లోపలికి పోలేదు. ఎవరో కుర్చీ తెచ్చి వెనక పెడితే కూర్చుంది.

నేను ఆట నుంచి పక్కకు వచ్చి ఆరిఫ్ దగ్గర నిలబడ్డాను. ఆయనా ఉప్పలయ్యా రోడ్డు అవతల అరుగు మీద ఉన్నారు. దీపం వెలుగులో గుండ్రటి బాల్కనీ, అడ్డంగా సాగిన చూరు, జాలీ, పక్కన ఒంటి కన్ను లాంటి కిటికీ, అన్నీ కలిసి అక్కడి నుంచి స్పష్టంగా కనపడ్డాయి.

"రేడియో లెక్కనే ఉన్నది భాయ్" అన్నాడు ఉప్పలయ్య మెల్లగా.

పాట ఒకటి అయిపోయింది, ఇంకోటి మొదలైంది. అప్పుడు ఆరిఫ్ అడిగాడు.

"మేస్త్రీ, గా గుండు కిటికీకి చెక్క వంచేటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"డోర్నకల్‌ల ఒకాయన ఉన్నడు. రైలు డబ్బాల పని చేసిండు."

"రైళ్లు నడువంగనే పోదాం" అన్నాడు ఆరిఫ్.

దసరా వెళ్లాక మా ఇంటి పని అసలైన పనిలా సాగింది. మూటలు విప్పేశాం. ముందు భాగానికి లేత పసుపు సున్నం వేశారు. పైపుల మీది పాత ఆకుపచ్చకు ఎంత వీలైతే అంత దగ్గరగా కొత్త రంగు కలిపింది ఇరం. నడిమి ఖాళీకి కోతులు రాకుండా ఇనుప జల్లెడ బిగించాడు ఫకీర్. విరిగిన రెండు రేకులకు ఉప్పలయ్య సిమెంటుతో కొత్తవి చేసి అతికించాడు గానీ అవి కొంచెం లావు వచ్చాయి. దగ్గరికి పోతే తెలుస్తుంది. ఇరం గది పంచాయితీ తెగలేదు. చివరికి మెట్ల దగ్గర గుండ్రటి కిటికీ ఉన్న మూల తనదని గీత గీసుకుంది. ఆరిఫ్ షట్టర్ల బొమ్మను ఫోన్లోంచి తీసేశాడో లేదో నేను అడగలేదు.

సమ్మె ముగిసి బస్సులు మళ్లీ తిరిగాయి. రాష్ట్రం రాలేదు. టెంటు దగ్గర కొందరు ఏడ్చారు, కొందరు ఇంకో తీరుగా కొట్లాడదామన్నారు. తమ్ముడికి కూడా భూపాలపల్లి నుంచి పిలుపు వచ్చింది. పోయే ముందు జాలీకి చెయ్యి ఆనించి నిలబడి, "అక్కా, బొగ్గు బావిల గిట్ల గాలి రాదు" అని, నవ్వి, బండి స్టార్టు చేశాడు.

మా బడి తెరిచిన వారం, ఒక పొద్దున నేను చాక్‌పీసు డబ్బా సంచీలో వేసుకుంటున్నాను. ఆరిఫ్ ఖాకీ చొక్కా తొడుక్కుని గడప దిగాడు. వీధి మొదట్లోంచి ఇల్లదిరే చప్పుడు. పసుప్పచ్చ జేసీబీ ఒకటి ఊగుతూ వచ్చి మా ఇంటి ముందు ఆగింది. ఆరిఫ్ పనిలో పడి దేవ్యాకు వద్దని చెప్పడమే మరిచాడు. దేవ్యా మాత్రం దారులు తెరుచుకోగానే, చెప్పిన మాట ప్రకారం వచ్చేశాడు.

సన్నటి కుర్రవాడు. సీట్లోంచి తల బయట పెట్టి మా ఇంటిని కిందినుంచి మీదిదాకా చూశాడు. అటు ఇల్లు చూశాడు, ఇటు ఇల్లు చూశాడు.

"కండక్టరన్నా, కూలగొట్టేదేది?" అన్నాడు. "గిది కొత్తగ కట్టినట్టున్నది గదా?"

ఆరిఫ్ బట్టతల నిమురుకున్నాడు. అప్పుడే సైకిలు దిగిన ఉప్పలయ్య, "అవు, కొత్తదే. మేమే కట్టినం" అన్నాడు, ఇంత పెద్ద గొంతుతో.

"మరి నన్నెందుకు రమ్మంటిరి?"

ఇంజను గడగడమంటోంది. వెనక ఒక ఆటో, దాని వెనక గడ్డి ట్రాక్టరు ఆగి హారన్లు కొడుతున్నాయి. దేవ్యా విసుక్కుని గేరు వెనక్కి వేశాడు.

"ఏయ్ బిడ్డా!"

పై నుంచి వచ్చింది ఆ కేక. వీధి కొస దాకా పోయింది. ఎదురింట్లోంచి భద్రమ్మ చేట పట్టుకునే బయటికి ఉరికి వచ్చింది, ఎవరా అరిచింది అని. మూల మీది హోటల్లో కూర్చున్నవాళ్లు తలలు తిప్పారు.

మా అత్తగారు బాల్కనీలోంచి సగం కిందికి వంగి ఉంది. కొంగు జారింది, సర్దుకోలేదు.

దేవ్యాకు సరిగా వినపడలేదు. ఇంజను ఆపి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

"ఏందమ్మా?"

"గంత దూరంకెంచి వచ్చినవ్, చాయ్ తాగి పో!"